గోడ అవతల కూర్చున్న సామేలు

మా చిన్నప్పుడు... ఎల్లారెడ్డిలో ఒక ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారంటే, బయటివాళ్లు ఆ గడప తొక్కేవారు కాదు. ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఒక ఏడు నాకే పోసింది!

పదేళ్లుంటాయేమో. చీముతో రెండు కళ్లూ అంటుకుపోయాయి. మూడు రోజులు ఒకటే చీకటి... ఇక చూపు రాదేమోనని మా అవ్వ కొంగు పట్టుకుని ఒకటే ఏడుపు.

నాలుగో రోజు సాయంత్రం నా తల దగ్గరి గోడను అవతల నుంచి ఎవరో తట్టారు. నా దోస్తు సామేలు! వాళ్లది చర్చి వెనక ఇల్లు.

“ఉన్నవా రా?”

“ఉన్న... ఏం కనిపిస్తలేదురా.”

“మంచిగ పండుకున్నవు తీ. నీ లెక్కలు గూడ సారు నాతోనే చేయిస్తుండు.”

అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది... తర్వాత వాడి గొంతు మెల్లగా వినబడింది. “ఏసయ్యా, వీని కండ్లు వీనికియ్యి.”

అవ్వ గబుక్కున అడ్డుపడింది. “వద్దు బిడ్డా! ఇంట్ల తల్లి ఉన్నది. ఇంకో దేవుణ్ని పిలిస్తే కోపమైతది. ఇంటికి పో.”

“లోపటికి రాను అవ్వా. సప్పుడు చెయ్యక గీడనే కూసుంట.”

అన్నట్టే కూర్చున్నాడు. రోజూ బడి వదలగానే వచ్చి, పొద్దుగూకేదాకా. నేను గోడ తడితే వాడూ తట్టేవాడు... అంతే. ఆ ధైర్యంతోనే నాలుగు గుటకల గంజి తాగేవాడిని.

ఒకరోజు జ్వరం ఎక్కువై గంజి కూడా ముట్టలేదు. అవ్వ తాళలేక బయటికి పోయింది. “సామేలూ... నీ ఏసయ్యకు గూడ జెర చెప్పు బిడ్డా. గట్టిగనే చెప్పు. తల్లి ఏమనదు.”

వాడు గొంతెత్తి ప్రార్థించాడు. గుమ్మంలో నిలబడి మా అవ్వ కూడా చేతులు జోడించిందట! రెండు రోజులకు నా రెప్పలు తెరుచుకున్నాయి... అబ్బా, ఆ వెలుతురు!

మొన్న మా అమ్మాయితో కామారెడ్డి పోతే, బస్టాండులో సామేలు కనిపించాడు! ఎన్నేళ్లయిందో... ఇద్దరు ముసలోళ్లం వాటేసుకుని అందరి ముందే ఏడ్చేశాం.

“నీకు గూడ అంటుకుంటదని భయం కాలేదారా?” అని అడిగాను.

“మస్తు భయమైంది. గందుకే గంత సేపు మనసుల ప్రార్థన చేస్తుంటి... సగం నీకు, సగం నాకు!”

భయపడుతూనే వచ్చాడా అన్ని రోజులు! అది ఎంత విశ్వాసమో, ఎంత ప్రేమో... నా చిన్న చదువుకు అందదు.

ఇప్పుడు ఎవరికైనా బాగాలేదంటే ఫోనులో ఒక దండం బొమ్మ పంపి ఊరుకుంటాం. నేనూ అంతే... మీ కష్టంలో అలా వచ్చి కూర్చున్నవాళ్లెవరు? వాళ్ల గురించి కింద రాయండి. ఒక్కటీ వదలకుండా చదువుతాను.