దోన్ ఎరిబెర్తో రెండేళ్ళ పరీక్ష

మా సాన్ ఎలాదియో ఫ్లయింగ్ క్లబ్బులో దోన్ ఎరిబెర్తో సుబెల్దియాని ఎరగనివాళ్ళు లేరు. పశువుల డాక్టరు, డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా ఒకే పాత విమానం. లైసెన్సు నిలబడాలంటే రెండేళ్ళకోసారి శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించాలి. నా ముందున్న శిక్షకుడు ఆ పరీక్షని క్లబ్బు వెనక పొయ్యి దగ్గర పెట్టేవాడు. ఎరిబెర్తో గొర్రెపిల్లని కాల్చేవాడు, ఇద్దరూ సుష్టుగా తినేవారు, కాగితం మీద సంతకం పడేది. పన్నెండేళ్ళ పాటు విమానం కదలకుండానే ఆయన పాసవుతూ వచ్చాడు.

తర్వాత ఆ ఉద్యోగంలోకి నేను, లుద్మిలా కార్బజాల్, వచ్చాను. నాకూ మాంసం ఇష్టమే. కానీ సంతకం నాది.

"ఏమ్మా, పొయ్యి ముట్టించమంటావా?" అన్నాడు ఎరిబెర్తో, పరీక్ష రోజు బుధవారం పొద్దున్నే.

"ముందు ఎగురుదాం, తిండి తర్వాత. మీ తమ్ముడింటికి తీసుకెళ్ళండి. మ్యాపు, దిక్సూచి, గడియారం, అంతే. మీ ఫోను నాకివ్వండి."

"అన్సెల్మో ఇంటికా! కళ్ళు మూసుకుని పోతాను."

"తెరుచుకునే పోనివ్వండి, చాలు."

వరదకి ఆ వైపు రోడ్లన్నీ మునిగి ఏడాది దాటింది. అన్సెల్మో ఆవుల్ని వదిలి రానని మెట్ట మీద ఒక్కడే ఉండిపోయాడు. ప్రతి శనివారం అన్నగారు ఎగిరి వెళ్ళి రొట్టెలు, బీపీ మాత్రలు ఇచ్చి వస్తాడు. లైసెన్సు పోతే ఆ మాత్రలు చేరవు.

పైకి లేచాక మ్యాపు విప్పాడు. దాని వయసు నా వయసంత ఉంటుంది.

"మధ్యలో ఈ పెద్ద చెరువేంటండీ?"

"చెరువు కాదమ్మా, మాతే టీ ఒలికింది. తాగుతూ చూస్తుంటే అంతే మరి."

మ్యాపు మడిచి పక్కన పెట్టేశాడు. రైలు పట్టాల మీదుగా హాయిగా పోయాడు. వంతెన దాటాక కిటికీలోంచి తొంగి చూడ్డం మొదలెట్టాడు.

"దెల్ఫీనా ఇంటి ఎర్ర పైకప్పు దగ్గర ఎడమకి తిరగాలి. ఏదీ, కనపడదే?"

"ఆవిడ మొన్న ఆకుపచ్చ రంగు వేయించింది."

"ఒక్క మాట చెప్పి వేయించుకోవద్దూ!"

తర్వాత ఎటు చూసినా నీళ్ళే. పావుగంట చుట్టూ తిరిగాడు. తప్పిపోయానని మాత్రం నోట రాలేదు. చివరికి గొంతు తగ్గించి, "శనివారమైతే పొగ ఉంటుందమ్మా. వాడు తడిగడ్డి కాలుస్తాడు. దాన్ని చూసుకుని పోతాను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఒక శనివారం ఆయన లేవలేకపోతే? పొగ లేని రోజేగా మీరు తప్పకుండా వెళ్ళాల్సింది!"

దోన్ ఎరిబెర్తో విమానం వెనక్కి తిప్పి రైలు వంతెన మీదికి తెచ్చాడు. జేబులోంచి కళ్ళజోడు తీశాడు. మ్యాపు మీద వేళ్ళతో కొలిచాడు, గాలి చూసుకున్నాడు, గడియారం చూసుకున్నాడు.

"పన్నెండు నిమిషాలు" అన్నాడు.

పదమూడో నిమిషంలో, కొంచెం కుడివైపుగా, మెట్ట కనిపించింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

మేం దిగేసరికి అన్సెల్మో ఒక కాలికే బూటు తొడుక్కుని పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా, ఇవాళ బుధవారం! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. పరీక్షకొచ్చాను."

"ఈ వయసులో పరీక్షేంటి! ఫెయిలయ్యావా?"

"ఆవిడింకా చెప్పలేదు. ఒరే, ఇక మీదట పొగ పెట్టకు."

"పెట్టకపోతే నువ్వు బ్రెజిల్‌లో తేల్తావు."

"పెట్టకురా. నువ్వు మంచం దిగలేని రోజైనా వస్తాను."

"పోయిన నెల జొరమొచ్చింది, అన్నయ్యా. లేవలేకపోయాను. నువ్వు దారి తప్పుతావని పాక్కుంటూ వెళ్ళి ముట్టించాను."

ఎరిబెర్తో అటు తిరిగి, పొద్దున్నే నింపిన ట్యాంకులో పెట్రోలు ఎంతుందో చూడటం మొదలుపెట్టాడు. నేను కాగితాన్ని రెక్క మీద పెట్టి సంతకం చేశాను. రెండేళ్ళకోసారి సరిపోదు, నెలకోసారి నాతో ఎగరాలి అని కింద రాశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.