రాజోలులో మా ఎడిటర్ కోసం ప్రార్థన

కొబ్బరి తోటల్లో మందు చల్లే డ్రోన్లపై రాయడానికి రాజోలు వెళ్లాను. నేను ఏ పత్రికలోనూ ఉద్యోగిని కాను. కథనం కింద పేరు పడితేనే తర్వాతి పని దొరుకుతుంది. కిందటిసారి ఎడిటర్ నా పేరు తీసేశాడు.

డ్రోన్ నడిపే ఆయన తల్లి, రిటైర్డ్ టీచర్ మేరీ రత్నం గారు, భోజనం పెట్టారు. తింటూ ఆమెకు ఈ సంగతంతా చెప్పాను.

"ఎంత అన్యాయమండీ! ఆయన పేరేంటండీ?"

ఇంటిపేరుతో సహా చెప్పాను.

బయల్దేరబోతుంటే, "ఉండండి, ప్రార్థన చేసుకుని వెళ్దురు గాని," అంటూ కొంగు తలపైకి లాక్కున్నారు. ఇంటికొచ్చినవాళ్లను వాళ్లు అలాగే సాగనంపుతారట. కళ్లు మూసుకున్నాను.

"తండ్రీ, ఆ ఎడిటర్ గారికి ఎంత పని ఒత్తిడో, పాపం, పేరు మర్చిపోయేరు. ఆయనకి మంచి ఆరోగ్యం ఇవ్వు ప్రభువా. ఆమేన్."

"మర్చిపోలేదండీ, తీసేశాడు. నా గురించి ఒక్క మాటైనా అనలేదేం?" అన్నాను.

"మీకేం లోటండీ? పీతల కూర రెండుసార్లు వేయించుకున్నారు కదా!"

డ్రోన్ల కథనం కూడా పేరు లేకుండానే వచ్చింది. ఎప్పటిలాగే ఎడిటర్‌కు ఫిర్యాదు రాశాను. చివర్లో మాత్రం, ఎందుకో, "మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగాను.

జవాబు రాలేదు. అదీ గుర్తుపెట్టుకున్నాను.