గిన్నెల నెమలి

ఒక నెమలిని తయారుచేసి నేను నాలుగంతస్తుల ఆడవాళ్ళ చేతికి ఒకేసారి ఎలా దొరికిపోయానో చెబుతాను. జాలిపడదలచుకున్నవాళ్ళు ఇప్పుడే పడండి. తర్వాత నవ్వు అడ్డొస్తుంది.

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. బెంగళూరు మారతహళ్ళిలో ఒక ఇంటి మూడో అంతస్తులో నేనూ, కర్నూలు రఫీ అద్దెకుండేవాళ్ళం. పగలు బ్రూక్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం కళాసేవ. ఫోన్లో ఎవరో పారేసిన సైకిల్ చక్రంతో చందమామ లాంటి దీపం చేయడం చూశాను. చూసినవాణ్ణి చూసి ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. ఆ రోజు నుంచి ఏ చెత్తకుప్ప కనబడినా బండి దానంతటదే ఆగిపోయేది. ప్లాస్టిక్ సీసాలతో మొదటి దీపం చేస్తే, బల్బు వేడికి అది మెత్తబడి వాలిపోయింది.

"పొట్లకాయ మాదిరి ఉండాది రా," అన్నాడు రఫీ.

"అది కళ," అన్నాను. ఎవరి పిచ్చి వారికానందం. కాకపోతే నా పిచ్చికి ప్లగ్గు కూడా ఉండేది.

కింది అంతస్తులో ఇంటి ఓనరు రత్నమ్మ ఆంటీ, ఆమె కోడలు కావ్య ఉండేవారు. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉంటున్న తెలుగువాళ్ళు. మాకు వంట రాదని తెలిసి ఆ ఇంటి నుంచీ, మా ఎదురు వాటా గుంటూరు పద్మజ గారి నుంచీ, పై అంతస్తు నుంచీ కూరలు వచ్చేవి. కూర మా పొట్టలోకీ, కడిగిన గిన్నె వంటింటి అటక మీదికీ చేరేవి. ఆ తర్వాత ఆ గిన్నె సంగతి మాకు గుర్తుండేది కాదు.

ఇలా ఉండగా దసరాకి కావ్య అన్ని ఇళ్ళకూ పులిహోర పంచింది. ఆ హడావిడిలో అత్తగారి గిన్నె ఒకటి ఎవరింటికో వెళ్ళి తిరిగి రాలేదు. అది రత్నమ్మ ఆంటీ పెళ్ళికి వాళ్ళమ్మ ఇచ్చిన గిన్నె. ఆ తల్లి ఇప్పుడు లేదు. ఆంటీ అన్ని అంతస్తులూ ఎక్కి అడిగింది. నన్నూ అడిగింది.

"మా ఇంట్లో గిన్నెలెక్కడివి ఆంటీ!" అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాను.

చివరికి ఆమె కోపమంతా కోడలి మీదికి మళ్ళింది. "ములబాగిల్లో మీ అమ్మింటికి పంపించుంటావు," అనేసింది. కావ్య ఏడ్చింది. ఆ రోజుతో ఇద్దరికీ మాటల్లేవు. "ఉప్పు అయిపోయినాది," అని ఆంటీ గోడతో చెబితే, "తెప్పించుకోమను," అని కోడలు ఫ్రిజ్జుతో చెప్పేది. అద్దె కట్టడానికి వెళ్ళిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమనేది.

"ఆ గిన్నె దాచుకున్న దుర్మార్గుడికి అన్నం ఎలా దిగుతోందో!" అన్నాను రఫీతో, కావ్య పంపిన వంకాయ కూర కలుపుకుంటూ.

ఉగాదికి ఇంట్లో అందరం మేడ మీద చేరి పచ్చడి తింటాం. ఆ పండగకి ఒక దీపం చేసి అందరి మనసులూ వెలిగించాలనుకున్నాను. నెమలి! ఆవిరి నిలవని పాత కుక్కరు పొట్ట, షవరు గొట్టం మెడ. పింఛానికి ఏం పెట్టాలా అని ఇల్లంతా వెతుకుతుంటే అటక మీద దుమ్ములో బోలెడన్ని స్టీలు గిన్నెలు! నిధి దొరికినట్టయింది.

"యాడివిరా ఇవి?" అన్నాడు రఫీ.

"ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసిన చెత్త."

"మనమే పెట్టినట్టు ఉండాదే?"

"కళాకారుడికి అడ్డు రాకు."

ఒక గిన్నె మీద చుక్కలు చుక్కలుగా 'ఎన్.ఆర్.' అని చెక్కి ఉంది. కంపెనీ పేరు కాబోలు అనుకున్నాను. బరువైన గిన్నె, మంచి మెరుపు. పింఛం నడిమధ్యకు దాన్నే ఎంచుకుని, మిగతావి చుట్టూ పేర్చి, అన్నిటి అడుగులూ డ్రిల్లుతో జల్లెడ చేశాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. అద్దెకుండేవాడు అల్లుణ్ణి కూడా మించిపోయాడు.

ఉగాది సాయంత్రం మేడ మీద దుప్పటి లాగి స్విచ్చి వేశాను. చిల్లుల్లోంచి వెలుగు చుక్కలై అందరి మొహాల మీదా పడింది. అందరూ నెమలి మీదికి వంగి చూశారు. ముగ్ధులైపోయారనుకుని చేతులు జోడించాను.

"అది నా సాంబారు గిన్నె కదండీ?" అన్నారు పద్మజ గారు.

"ఆ ఎడమ పక్కది నాది!" అంది పై అంతస్తావిడ.

"ఇవన్నీ ఎందుకు తిరిగివ్వలేదు బాబూ?" అని పద్మజ గారే అడిగారు.

"గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని మా అమ్మ చెప్పిందండీ. ఏదైనా వండి నింపి ఇద్దామని... వంట రాక..."

రత్నమ్మ ఆంటీ మెల్లగా లేచి వచ్చింది. నెమలి నడుమ ఉన్న గిన్నెను చేత్తో తడిమింది. 'ఎన్.ఆర్.' మీద ఆమె వేలు ఆగిపోయింది. ఎన్ అంటే పుట్టింటి పేరు, ఆర్ అంటే రత్నమ్మ. నా గుండె జారి మొదటి అంతస్తులో పడింది. గది ఖాళీ చెయ్యమంటుందని మనసులోనే సామాను సర్దేసుకున్నాను.

ఆమె నా వైపు చూడనే లేదు. కావ్య వైపు తిరిగింది.

"నిన్ను అనరాని మాట అన్నానమ్మా. నాదే తప్పు," అంది.

కావ్య పచ్చడి గరిట కింద పెట్టేసింది. గబగబా వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడుస్తుంటే నాకూ కళ్ళు నిండాయి. ఇన్ని నెలలూ ఆ అమ్మాయి ఏడ్చింది నా అటక వల్లే కదా! సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆంటీ, కొత్త గిన్నె కొనిస్తాను," అన్నాను.

"సుమ్నే ఉండప్పా, ఊరుకో. మా అమ్మ గిన్నెను కొనిస్తావా నువ్వు?"

"బియ్యం కడిగేదానికి బాగుంటాది అత్తా," అంది కావ్య, చిల్లుల్లోంచి నన్ను చూస్తూ.

ముందు ఆంటీ నవ్వింది, తర్వాత మేడంతా నవ్వింది. అక్కడే తీర్పు కూడా అయింది.

"గిన్నెలు ఖాళీగా ఇయ్యకూడదు గదా! ఆదివారం అన్నీ నింపి ఇయ్యి," అంది ఆంటీ.

"చిల్లులున్నాయి ఆంటీ, కారిపోతుంది!"

"పొడిసింది ఎవరప్పా?"

ఆదివారం నేనూ రఫీ నానా తంటాలు పడి ఉప్మా చేసి, చిల్లు గిన్నెల్లో నింపి, కింద పళ్ళేలు పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. పళ్ళేల అవసరమే రాలేదు. కావ్య గిన్నె బోర్లించింది, తట్టింది, గరిటతో కొట్టింది. ఒక్క రవ్వ రాలలేదు.

"అత్తా," అని కేకేసింది లోపలికి, "చిల్లులన్నీ పూడ్చేసినాడు!"

కాబట్టి సమస్త మారతహళ్ళి గృహిణుల సమక్షంలో, పొయ్యి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: పొరుగింటి గిన్నెకు ఇక డ్రిల్లు తగలనివ్వను. ఉప్మా అయితే అసలే తగలనివ్వను.