మగ్గాల ఇంట్లో చదివే తిరుపాల్

లైబ్రరీకి వచ్చి "ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మంచిదంటే ఎవరికి మంచిది, ఎప్పుడు మంచిది? ధర్మవరంలో ఏళ్ళ తరబడి ఈ బల్ల వెనక కూర్చుంటున్నాను. ఆ మాట అనకుండా పుస్తకం అడిగేది తిరుపాల్ ఒక్కడే. "అమ్మా, రేపట్నుంచి కొంగు పడతాది. తేలికైంది ఒకటి చూడు" అంటాడు.

తిరుపాల్ నేతగాడు. గుంటమగ్గంలో కూర్చుని వయసంతా నేశాక మోకాళ్ళు మొరాయించాయి. మగ్గం దిగాడు గాని మగ్గాల ఇల్లు వదల్లేదు. నాలుగు మగ్గాలున్న ఆ ఇంట్లో గోడవారన స్టూలు వేసుకుని, నేసేవాళ్ళకు పుస్తకాలు చదివి వినిపిస్తాడు. మగ్గాలు పెట్టిన షావుకారు మొదట్లో సణిగాడు. నేత ఆగడం లేదని చూసి ఊరుకున్నాడు.

ఏ పుస్తకం ఎప్పుడు చదవాలో అక్కడ చీరే చెబుతుంది. చీర నడిమి భాగం నేసేటప్పుడు చేతులు వాటంతటవే ఆడతాయి కాబట్టి పెద్ద నవలైనా, చరిత్రైనా సాగుతుంది. కొంగు దగ్గరికొస్తే కళ్ళూ మనసూ డిజైను మీదే ఉండాలి. అప్పుడు ఏడిపించే కథ పెడితే పోగు తప్పుతుంది. అందుకని కొంగుకు ప్రయాణాల పుస్తకాలు, హాస్యం. నేను ముచ్చటపడి ఇచ్చిన ఒక నవలను ఆయన మూడో రోజే వెనక్కి తెచ్చాడు. వాక్యాలు మరీ పొడుగట, మగ్గం దెబ్బకూ దెబ్బకూ మధ్య ఇమడడం లేదట. ఆ నవల నాకిప్పటికీ ఇష్టమే. ఆ విషయంలో నేను ఆయన మాట వినను.

ఫోనులో పుస్తకాలు వెతకడం ఆయనకు నేర్పింది నేనే, నేర్పినందుకు అనుభవిస్తున్నాను. పాత పుస్తకాలను పేజీపేజీగా ఫొటోలు తీసి ఉచితంగా పెట్టిన సైట్లు, కథలు చదివి వినిపించే చానెళ్ళు, తెలియని మాటకు అర్థం చెప్పే నిఘంటువులు, అన్నీ చూపించాను. ఇక ఆదివారం కూడా ఫోనే. ఫలానా పుస్తకంలో ఒక పేజీ తలకిందులుగా పెట్టారు, ఎవరికి చెప్పాలమ్మా అని అడుగుతాడు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. పొద్దున లేస్తూనే అందరికీ గంపగుత్తగా లింకులు పంపే రకం కాదాయన. బస్టాండు దగ్గరి టైలరుకు నక్షత్రాల మీద పిచ్చి ఉందని, గ్రహణం గురించి తెలుగులో చెప్పే వీడియో వెతికి అదొక్కటే పంపాడు. అది పూర్తిగా చూశాకే రెండోది.

నాలుగో మగ్గం మారప్పది. చిన్నప్పటి నుంచీ తిరుపాల్‌కు జోడీ. బావులు తవ్వే కుటుంబం గురించి ఒక పెద్ద నవల సగంలో ఉండగా, షుగరు ముదిరి మారప్ప చూపు పోయింది. కూతురు మంజుల వచ్చి హిందూపురం తీసుకుపోయింది. వెళ్ళేముందు ఆయన తన మగ్గాన్ని తడుముకుని, కండ్లు బాగైతే వస్తాను, దీని మీద ఎవరినీ ఎక్కించొద్దండి అని పోయాడు. షావుకారు రెండు నెలలు ఆగి రేష్మ అనే పిల్లను ఎక్కించాడు. ఆయన్నీ తప్పుపట్టలేం, రేష్మనూ తప్పుపట్టలేం. మారప్పకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం తిరుపాల్ ప్యాసింజరు ఎక్కి, పెనుకొండ దాటి, హిందూపురం పోయి చూసొచ్చాడు. మారప్ప గోడవైపు తిరిగి పడుకుంటున్నాడట. సంగటి పెడితే సగం వదిలేస్తున్నాడట. తిరుపాల్ మంజుల ఫోనులో కథల చానెళ్ళన్నీ పెట్టి, ఎలా నొక్కాలో చూపించి వచ్చాడు. అయిదు నిమిషాలకే ఆపెయ్యమంటున్నాడని రెండు రోజులకు మంజుల ఫోను చేసింది.

సరే, గొంతు కొత్తదని కాబోలనుకుని, ఆగిపోయిన నవలను తిరుపాల్ తానే చదివి, ఫోనులో రికార్డు చేసి పంపాడు. ఇంట్లో తలుపులు మూసి, ఫ్యాను ఆపి చదివాడు. నాకూ వినిపించాడు. నవ్వాపుకోలేకపోయాను. మగ్గాల మధ్య చదివి చదివి అలవాటైన గొంతు, ఆ గదిలో మైకు పెట్టినట్టు అరుస్తోంది. పైగా లేని మగ్గం దెబ్బ కోసం నాలుగు మాటలకోసారి ఆగుతున్నాడు. మారప్ప నవ్వలేదు. "మగ్గాలు యాడరా? శవం ముందర చదివినట్లుండాది" అన్నాడట.

ఆ మాట పట్టుకుని తిరుపాల్ నా దగ్గరికొచ్చాడు. మగ్గాల ఇంట్లో చదివితే నాలుగు మగ్గాలూ వినబడతాయి. నాలుగోదాని మీద ఎవరో ఎక్కారని మారప్ప చెవులకు తెలిసిపోతుంది.

"వాడు దాని మీదే ఆశ పెట్టుకోని ఉండాడమ్మా. అది కూడా పెరికేస్తే వానికి ఇంకేముండాది?" అన్నాడు.

నిజం చెప్పెయ్యమన్నాను. కోపం వచ్చి పుస్తకం తీసుకోకుండానే పోయాడు.

తర్వాత ఏం చేశాడో రేష్మ చెబితే తెలిసింది. తను చదివినంతసేపు మగ్గం ఆపమని ఆమెను బతిమాలాడు. పని చెడుతున్నా ఆ పిల్ల సరేనని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూడు మగ్గాల చప్పుడులో చదివి పంపాడు.

మరునాడు తిరుపాల్ నా బల్ల ముందున్నప్పుడే ఫోను మోగింది. కళ్ళు పోయాక మారప్ప తనంతట తాను ఫోను చేసి మాట్లాడటం అదే మొదటిసారి. తిరుపాల్ కంగారులో స్పీకరు నొక్కేశాడు.

"విన్న్యాను. మూడే ఆడతాండాయి గదరా" అన్నాడు మారప్ప.

"నీదాని మీద ఎవురూ ఎక్కలేదురా."

"ఇన్నాళ్ళు ఊరికే పెట్టినారా దాన్ని?" అన్నాడు మారప్ప. "ఈ కండ్లు రావురా. నాకు ఎప్పుడో తెలుసు. ఎవురినన్నా ఎక్కించండి. దాని చప్పుడన్నా విననియ్యండి నన్ను."

తిరుపాల్ ఫోను నా చేతికిచ్చి బయటికి పోయాడు. రేపు పంపుతాడు అన్నాను.

మరుసటి రోజు నాలుగు మగ్గాల మధ్య చదివి పంపాడు. సాయంత్రం మారప్ప ఫోను చేశాడట. ఇది కొత్త చెయ్యి కాదు, దెబ్బ కుదురుగా పడుతోంది, ఎన్నాళ్ళుగా నేస్తున్నారని అడిగాడట. తిరుపాల్ ఇక దాచలేదు. నువ్వు పోయిన రెండు నెలలకే అని చెప్పేశాడు.

"నేను ఏడుస్తానని దాచినావు," అన్నాడట మారప్ప, ఏడుస్తూనే. "ఆ పిల్లను ఆపమనొద్దురా ఇంగ. నువ్వు చదువు."