చెల్లె మోటరుకు నేనిచ్చిన తాడు

మా చెల్లె నాకన్న మూడేండ్లు చిన్నది. నన్ను కొండాపూర్ పక్కన పల్లెల బండ్లు చేసే వడ్లాయనకిచ్చి చేసిన్రు. దాన్ని పట్నంల మోటర్లు బాగుచేసే ఆయనకిచ్చిన్రు. పెండ్లిళ్లప్పుడు నాకేమనిపించలేదు. మోటరు వచ్చినంకనే నా కడుపుల మంట మొదలైంది.

రెండో పెద్ద యుద్ధం ఆగిపోయి అప్పటికి నాలుగేండ్లయి ఉంటది. ఫౌజోళ్లు వద్దని అమ్మేసిన మోటర్‌సైకిల్ ఒకటి చెల్లె మొగడు, మా మరిది, తెచ్చి, మొత్తం విప్పి, మళ్ల బిగించి నడిపించిండు. దాని పక్కన మనిషి కూసునేటందుకు ఒక ఇనుప తొట్టి, ఆ తొట్టి కింద మూడో చక్రం. ఆ తొట్టిల కాళ్లు చాపుకొని, తలకు రుమాలు కట్టుకొని మా చెల్లె మా ఊరికొచ్చేది. దుమ్ము లేస్తుంటే ఆడోళ్లంత వాకిండ్లలకు వచ్చి చూసేటోళ్లు. మా అత్త సుత చాట పక్కన పెట్టి లేచేది. మా ఇంటాయన చేసిన బండ్లు చుట్టుపక్కల ఊర్లన్నిట్ల తిరుగుతుండె. వాటి మీద నేను కూసొని పోతుంటే ఒక్కరన్న పని ఆపి చూసింది లేదు. అది వచ్చిందని తెలిస్తే నేను కొట్టంలకు పోయి లేని పేడ ఎత్తుకుంట ఉండేదాన్ని. అది పోయినంక రెండు దినాలు కూరల ఉప్పు సరిగ పడకపోయేది.

ఒక ఎండకాలం మరిదికి బీదర్‌ల పని దొరికింది. సామాను లారీల పోతది, కాని లారీ నిండిపోయింది. మోటరు కోసం లారీ వెనక ఒక డబ్బా బండి తగిలించుకొని తెచ్చిన్రు. చుట్టూ చెక్క గోడలు, మీద కప్పిన తాటిపత్రి గుడ్డ. దాన్ని ట్రైలర్ అంటరని మరిది చెప్పిండు. అంత దూరం గతుకుల తొవ్వల మోటరు కదలకుండ కట్టాలంటే వడ్లోని చెయ్యి కావాల్నని మా ఇంటికే తీసుకొచ్చిండు.

పొద్దుగాలనే పని మొదలుపెట్టిన్రు. పెట్రోలంత తీసేసి, పలకలు వాలుగ పెట్టి మోటరును లోపలికి నూకిన్రు. మా ఇంటాయన మూడు చక్రాలకు ముందొకటి వెనకొకటి తుమ్మ చెక్కలు దిగ్గొట్టిండు. తాళ్లు ఇనుప కడ్డీలకే కట్టాలె గని తొట్టి రేకుకు కట్టొద్దన్నడు మరిది. రేకు చినుగుతదట. తాడు రాసుకునే కాడ గోనెసంచి ముక్కలు పెట్టిన్రు. కాని ఎంత గుంజినా తొట్టి దిక్కు తాళ్లు వదులైతనే ఉన్నయి.

"కింద స్ప్రింగులున్నయి కద అన్నా," అన్నడు మరిది. "ఎవరన్న మీద కూసొని అదిమి పెడితేనే గట్టిగ వస్తది."

చెల్లె ఎక్కబోయింది. అది ఈనెపుల్ల తీరుంటది. ఎక్కినట్టే లేదు. "అక్కా, నువ్వు కూసో," అంది నవ్వుకుంట. "నువ్వైతే బరువుంటవు."

అట్ల నేను మొదటిసారి ఆ తొట్టిల కూసున్న. గాలి లేదు, తొవ్వ లేదు, చూసేటోళ్లు లేరు. తాటిపత్రి కింద ఉక్కపోత. సీటుకు చెల్లె తల నూనె వాసన. అయినా ఒక్క గడియ కండ్లు మూసుకొని రోడ్డు మీద పోతున్నట్టు అనుకున్న. అంతలనే "జర గట్టిగ కూసో వదినె," అన్నడు మరిది. మా ఇంటాయన తాట్ల కట్టె పెట్టి మెలితిప్పుతుంటే నా కింద తొట్టి జానెడు దిగింది. చెల్లె బయట నిలబడి చూసుకుంట నవ్వుతుంది. నాకు ముఖమంత మండింది.

తాళ్లు మూడే ఉన్నయి. తొట్టి వెనక మూలకు ఇంకొకటి కావాలె.

"మన బాయి తాడు కొత్తది ఉండె కద, తే," అన్నడు మా ఇంటాయన.

లోపలికి పోయిన. కొత్త తాడు అటుక మీద చుట్టగ ఉంది. దాన్ని చూసుకుంటనే, మూలకు పడేసిన పాత తాడు తెచ్చిచ్చిన. "కొత్తది కనపడుతలేదు," అన్న. ఆయన దాన్ని అటిటు గుంజి చూసి, "సరే, మిగిలిన మూడు గట్టిగున్నయి," అని కట్టిండు.

లారీ ముందల డ్రైవరు, లారీ సేటు పంపిన మనిషి, మరిది కూసున్నరు. ఇగ జాగ లేదు. చెల్లె ట్రైలర్‌లకు ఎక్కి, తొట్టి పక్కన బట్టల మూట మీద కూసుంది. పాత తాడు కట్టిన మూలకే.  అప్పుడే చెప్పొచ్చు. కాని అందరి ముందట అబద్ధం బయటపడుతదని నోరు మెదపలేదు. చెల్లె చెయ్యి ఊపింది. లారీ కదిలింది.

గట్టు మలుపు కాడ ట్రైలర్ ఒక్కసారి ఒరిగి లేచింది. మోటరు కిర్రుమన్న చప్పుడు నాకు వినపడ్డది. ఇంట్లకు ఉరికి, అటుక మీది తాడు భుజానేసుకొని చేన్లకడ్డంబడి పోయిన. లారీ తొవ్వ చుట్టు తిరుగుతది. హఫీజ్‌పేట రైలు గేటు కాడ దొరకబడుతదని ఆశ. కాళ్లకు చెప్పులు లేవు, దున్నిన చేను పెళ్లలు గుచ్చుకుంటున్నయి. గేటు పడి ఉంది. సామాన్ల రైలు, మాలుగాడి, పోయేదాక లారీ ఆగి ఉంది. ఎప్పుడూ దేవునికి దండం పెట్టనంత గట్టిగ ఆ గేటుకు దండం పెట్టుకున్న.

ట్రైలర్ ఎక్కి చూస్తే పాత తాడు రెండు పేటలు అప్పటికే తెగి, పోగులు లేచి ఉన్నయి.

"ఏందక్కా, గిట్ల ఉరికొచ్చినవ్?" అంది చెల్లె.

"కొత్త తాడు దొరికింది."

అది నా ముఖం దిక్కు చూసింది. "దొరుకుడేంది? పొద్దుగాల నీళ్లు తాగనీకె లోపలికొచ్చినప్పుడే అటుక మీద చూసిన."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు ఇయ్యనంటుంటే నేనెట్ల చెప్పాలె?"

దాని గొంతుల కోపం లేకుండె. అందుకే ఏడుపొచ్చింది. "నువ్వు ఈడ కూసుంటవని నాకు తెల్వదే," అన్న. అది మూట మీదికెల్లి లేచి తాడు కొస అందుకుంది. నేను తొట్టి మీద పడి అదిమి పట్టుకున్న. అది గుంజి, రెండు మెలికలేసి ముడి బిగించింది. మొగని కాడ నేర్చుకుందేమో, అట్లాంటి ముడి నాకు రాదు. అంత భయంల, అంత సిగ్గుల సుత దాని చేతులను చూసి నాకు కుళ్లు పుట్టింది. ఈ మాట ఇన్నేండ్లల్ల ఎవరికీ చెప్పలేదు.

మాలుగాడి పోయింది. డ్రైవరు హారన్ కొట్టిండు. "దిగు," అంది చెల్లె. "అన్నం తిన్నవా?" తినలేదన్న. మూటలకెల్లి జొన్నరొట్టె ఒకటి తీసి నా చేతుల పెట్టింది. గేటు పక్కన నిలబడి నేను ఆ రొట్టె తింటుంటే లారీ పట్టాలు దాటి బొంబాయి రోడ్డు దిక్కు పోయింది.

మోటరు ఒక్క గీత పడకుండ బీదర్ చేరిందని జాబొచ్చింది. తాడు సంగతి అందుల లేదు. మా ఇంటాయనకు నేనే చెప్పిన. ఆయన బాడిసె నూరుడు ఆపకుండనే, "ఇంక నన్నట్ల మోసం చెయ్యకు," అన్నడు, అంతే.

ఏడాది తిరగకముందే మరిది ఆ మోటరును ఒక గుత్తేదారుకు అమ్మేసిండని తెలిసింది. ఆ వార్త విన్న దినం నా మనసు తేలికైంది. ఇంట్ల పాయసం వండిన. ఏం పండుగని అత్త అడిగితే, బెల్లం పాడైపోతదని వండిన అన్న.