మల్లేశన్న ఒంటి మీద నా ప్రయోగం

ఫిజిక్స్ చెప్పే మనిషికి ఒక థర్మామీటరు, ఒక నోటుపుస్తకం, తలకు మించిన పొగరు ఉంటే ఎంత అనర్థం జరుగుతుందో మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. ఒక్క పూటలో ఒక మంచి మనిషిని దవాఖాన మంచం ఎక్కించిన ఘనుణ్ని నేను. చదివి మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. సగం దాకా నేనూ మీతో కలిసి నవ్వుతాను. మిగతా సగం దగ్గర నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. సిద్దిపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. కొత్తగా గేర్ల సైకిల్ కొన్నాను. కొన్నవాణ్ని తొక్కుకుని ఊరుకోవచ్చు కదా! దానికి తగిన హెల్మెట్, నల్లద్దాలు, చేతి తొడుగులు కూడా కొన్నాను. చివరికి ఆన్‌లైన్లో ఒక బనీను తెప్పించాను. అది మామూలు బనీను కాదు. చెమటను ఒంటి మీద నిలవనీయకుండా పీల్చి, బట్ట పైపొరకు చేరవేసి, అక్కడ ఆరబెడుతుందట. చొక్కా కింద తొడుక్కుంటే ఎంత ఎండలో తొక్కినా ఒళ్లు చల్లగా ఉంటుందని డబ్బా మీద రాసి ఉంది. ఆ డబ్బా మీది మాటల్ని నేను నెల రోజుల పాటు స్టాఫ్ రూములో న్యూటన్ సూత్రాలంత నమ్మకంగా చెప్పాను. నూలు బనీను తొడుక్కునేవాళ్లందరినీ పాతరాతియుగంలోకి తోసేశాను.

ఒకరోజు జువాలజీ మేడం టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఒక చిన్న ప్రశ్న వేసింది. చల్లగా ఉండాలంటే ఒక బట్ట తగ్గించుకోవాలి గానీ ఇంకోటి తొడుక్కోవడమేమిటని. జవాబు తోచనప్పుడు నాలాంటివాళ్ల గొంతు పెరుగుతుంది. ప్రయోగం చేసి చూపిస్తానని అందరి ముందూ అనేశాను.

ప్రయోగానికి రెండో మనిషి కావాలి. మా అటెండర్ మల్లేశన్న కనిపించాడు. యాభై దాటినవాడు, చిన్నకోడూరు దగ్గరి పల్లె నుంచి రోజూ పాత ఇనుప సైకిల్ మీద వస్తాడు. నేను కాలేజీలో చేరిన కొత్తలో నాకు కిరాయి ఇల్లు వెతికి పెట్టింది, జ్వరం వస్తే జావ కాయించి తెచ్చింది ఆయనే. నేనేం చెప్పినా "మంచిది సారూ" అనడం తప్ప ఇంకో మాట ఎరగడు. నూలు బనీను తొడుక్కుని నాతో పాటు చిన్నకోడూరు దాకా తొక్కి మళ్లీ రావాలని, దారిలో మూడు చోట్ల ఆగి ఇద్దరి ఒంటి వేడి చూస్తానని చెప్పాను.

ఏప్రిల్ చివరి వారం, సెలవు రోజు. ఆయన ఒకే ఒక్క కోరిక కోరాడు. "సారూ, పొద్దుగాల్నే పోదాం. పదింటికి ఎల్లితె ఎండకు మాడిపోతం." పొద్దున చల్లగా ఉంటే తేడా ఎలా తెలుస్తుంది? పదింటికే బయలుదేరాలన్నాను. ఆయన ఇంటి నుంచి మజ్జిగ తెచ్చుకుంటే ఆ సల్ల సీసాను కాలేజీలోనే పెట్టించాను. దాహమైనా, మల్లేశన్న మాటలో దూప అయినా, ఇద్దరికీ తలా అర సీసా నీళ్లు, అంతే. అన్నీ సమానంగా ఉండాలి మరి! నా సైకిల్ దూదిపింజలా తేలిపోతుందనీ, ఆయన సైకిల్ ఎత్తాలంటే ఇద్దరు కావాలనీ నా లెక్కలోకి రాలేదు. ఆయనకు నాకంటే ఇరవై ఏళ్లకు పైగా ఎక్కువన్న సంగతి కూడా రాలేదు.

పోయేటప్పుడు బాగానే ఉంది. నా బనీను నిజంగానే తడి లేకుండా హాయిగా ఉంది, గాలి తగులుతోంది. మొదటి చోట ఇద్దరి వేడి ఒకటే. తిరుగు దారిలో ఒక వరి పొలం పక్కన బోరు పోస్తోంది. మల్లేశన్న సైకిల్ ఆపి, మెడలోని తువ్వాల తీసి, నా వైపు చూశాడు. రోజూ ఆయన ఆ దారిలో తువ్వాల తడిపి నెత్తిన వేసుకునే పోతాడట.

"వద్దు మల్లేశన్నా, తువ్వాల తడిపితె లెక్క తప్పుతది" అన్నాను.

"మంచిది సారూ" అని తువ్వాల మళ్లీ మెడలో వేసుకున్నాడు.

అక్కడే ఆయన చంకలో థర్మామీటరు పెట్టి చూశాను. పెరిగింది. నాది అంత పెరగలేదు. మీ దగ్గర దాచడమెందుకు, నాకు భలే సంతోషమైంది. బోరు గట్టు మీద కూర్చుని నోటుపుస్తకంలో ఆ అంకె కింద రెండు గీతలు కొట్టాను. జువాలజీ మేడం ముఖం కూడా ఊహించుకున్నాను. ఎదురుగా ఒక మనిషి ఒళ్లు కాలిపోతుంటే నేను పడిన ఆ సంతోషాన్నే ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను.

కొంత దూరం పోయాక వెనక సైకిల్ చప్పుడు వినిపించలేదు. తిరిగి చూస్తే మల్లేశన్న రోడ్డు పక్కన సైకిల్ పడుకోబెట్టి కూర్చున్నాడు. పరుగున వెళ్లాను. ఆయన నా ముఖంలోకి చూసి చాలా వినయంగా అడిగాడు.

"బాపూ, ఎడ్లను ఇప్పనా?"

నన్ను తన తండ్రి అనుకుంటున్నాడు. ఆ బాపు పోయి చాలా ఏళ్లయింది. ఎడ్లు అంతకంటే ముందే పోయాయి. జేబులోంచి తీసిన థర్మామీటరు జారి రోడ్డు మీద పగిలింది. విప్పమన్నాను. ఉన్న గుక్కెడు నీళ్లు ఆయన నెత్తిన పోసి, రోడ్డుకు అడ్డంగా నిలబడి ఒక ఆటోను ఆపాను.

దవాఖానలో డ్యూటీ డాక్టరు ఒక చిన్న వయసు అమ్మాయి. మంచం మీద పడుకోబెట్టి చొక్కా విప్పించింది. కింద నూలు బనీను. అది కూడా విప్పించింది. దాని కింద నీలం రంగులో మెరుస్తూ ఇంకో బనీను! నా బనీనుకు తమ్ముడిలా ఉంది. నర్సు నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

తడి గుడ్డలతో ఒళ్లంతా తుడుస్తూ, ఫ్యాను పెట్టి, సెలైన్ ఎక్కిస్తూ డాక్టరమ్మ ఏం జరిగిందని అడిగింది. చెప్పాను. కాలేజీలో నేనేం చెప్తానని అడిగింది. ఫిజిక్సన్నాను. ఆమె ఒక తడి గుడ్డ నా చేతిలో పెట్టి కాళ్లు తుడవమంది.

తుడుస్తూంటే నా పాఠం నాకు అర్థమైంది. చెమట ఒంటి మీద ఆవిరైతేనే ఒళ్లు చల్లబడేది. బట్టలోకి లాగి బట్టలో ఆరబెడితే ఆ చల్లదనంలో కొంత బట్టకే పోతుంది. పైగా మన ఎండాకాలపు పొడిగాలికి చెమట దానంతటదే ఆరుతుంది. ఆ బనీను తొడుక్కుంటే హాయిగా అనిపిస్తుంది, నిజమే. ఒంటి లోపలి వేడి తగ్గడం వేరే సంగతి. దానికి నీళ్లు కావాలి, నీడ కావాలి, పొద్దున్నే బయలుదేరే బుద్ధి కావాలి. ఆరేళ్లుగా ఆవిరి పాఠం చెప్తున్న నాకు తడి తువ్వాల విలువ తెలియలేదు. మల్లేశన్నకు తెలుసు. తెలిసినవాణ్ని నేనే ఆపాను.

మధ్యాహ్నానికి ఆయనకు తెలివి కుదురుకుంది. రెండు బనీన్లెందుకు తొడుక్కున్నావని అడిగాను.

"మీరు నెల దినాలసంది గదే మంచిదంటిరి. అంగట్ల గసొంటిదే దొరికితె కొన్న. మల్ల మీరే నూలుది ఏసుకోమంటిరి. రెండు మాటలూ మీయే గద సారూ, ఏది కాదంట?"

అంటే నా ప్రయోగంలో నూలు బనీను ఓడిపోలేదు. ఓడిపోయింది నా రెండు మాటలూ విన్న మనిషి.

కబురందుకుని ఆయన భార్య లచ్చవ్వ వచ్చింది. తిడుతుందని సిద్ధపడ్డాను. తిట్టినా బాగుండేది. భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూసుకుని, నెమ్మదిగా అంది. "సారూ, గీయన మీరేం చెప్పినా కాదనడు. కాదననోనికి చెప్పే ముందు మీరే జర సోచాయించాలె."

మర్నాడు స్టాఫ్ రూములో జరిగిందంతా నా నోటితోనే చెప్పాను. జువాలజీ మేడం నవ్వలేదు. ఆమె నవ్వి ఉంటే నా బరువు కాస్త తగ్గేది.

వారానికి మల్లేశన్న కాలేజీకి వచ్చాడు. తప్పయింది, మన్నించమని చేతులు పట్టుకున్నాను. ఆయన ఇబ్బందిపడి అటూ ఇటూ చూసి, నన్ను ఊరడించడానికి అన్నట్టు అడిగాడు. "మల్ల ఎప్పుడు పోదాం సారూ? గీసారి లోపట ఏం తొడుక్కోను."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకో మనిషి ఒంటి మీద ప్రయోగం చేయను. మరీ చెయ్యి దురద పెడితే ఒక మట్టికుండకు బనీను తొడిగి ఎండలో పెడతాను. దాన్ని కూడా మధ్యమధ్యలో "దూప అయితుందా?" అని అడుగుతాను.