టీవీలో పట్టని తల

తొంభైల చివర్లో ఆర్మూర్‌లో కంప్యూటర్ నేర్పడమంటే, నిన్న నేర్చుకున్నది ఇవాళ ఇంకొకరికి చెప్పడం. అదే నా ఉద్యోగం. ఊళ్లో ఏ మిషన్ మొరాయించినా నన్నే పిలిచేవాళ్లు, మిక్సీతో సహా. ఆ రోజు పిలిచింది చావింటికి.

ఇల్లు పసుపు మార్కెట్ వెనక. ఆ ఇంటి చిన్నకొడుకు దుబాయిలో కట్టడం మీంచి పడి చనిపోయాడు. పెళ్లి కాలేదు. శవాన్ని పంపే కాగితాలు తేలక అక్కడే దహనం చేశారు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మోర్తాడ్ ఊరి మనిషి ఒకడు ఫోటోల సీడీ తెచ్చిచ్చి, చాయ్ కూడా తాగకుండా పోయాడు. మర్నాడు దినాలు. తలకొరివి పెట్టిన మనిషికి ఆ రోజు కొత్తబట్టలు పెట్టాలి. ఆ కొరివి ఎవరు పెట్టారో ఇంట్లో ఎవరికీ తెలియదు. తల్లికి తెలియాల్సింది అదొక్కటే.

కంప్యూటర్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని స్కూటర్ వెనక కూర్చుని వెళ్లాను. చిన్న మానిటర్ చుట్టూ అంతమంది చుట్టాలు పట్టరు. అందుకని చనిపోయినవాడే పంపిన పెద్ద టీవీకి వైరు కలిపాను.

మొదటి ఫోటో వచ్చింది. కింద తెల్లబట్ట చుట్టిన శవం. పక్కన ఒక మనిషి. చేతిలో కొరివి, మణికట్టుకు గడియారం. భుజాల పైన ఏమీ లేదు. అంచులన్నీ టీవీ మింగేసింది.

"ఏందిరా గిది? మనిషికి నెత్తి లేదేంది?" అన్నాడు పెద్దకొడుకు.

"నెత్తి ఉందన్నా. టీవీల వడ్తలేదు."

"నెత్తే వట్టనప్పుడు గింత పెద్ద టీవీ ఎందుకురా!" అంది వాళ్ల మేనత్త. ఆమె కొడుకూ దుబాయిలోనే ఉన్నాడు. తెరకు దగ్గరగా జరిగి చూసింది. "గా గడియారం మావోనిదే. వాడు పోకుంటె ఇంకెవడు పోతడు?"

నేను సెట్టింగుల్లోకి వెళ్లి రిజల్యూషన్ పెంచాను. టీవీ పూర్తిగా నల్లబడింది. పోయినవాడు మళ్లీ పోయినట్టు ఆడవాళ్లు గొల్లుమన్నారు. కంప్యూటర్‌కు ఒక మంచి గుణముంది. సెట్టింగ్ పొసగకపోతే కాసేపటికి తనంతట తానే పాతదానికి వచ్చేస్తుంది. దుబాయి వీసాకు ఆ సౌకర్యం లేదు.

బొమ్మ తిరిగొచ్చాక, ఫోటోను తెరనిండా కాకుండా చిన్నది చేసి మధ్యకు జరిపాను. చుట్టూ నలుపు మిగిలింది. తల వచ్చింది.

ఎవరో తెలియని మనిషి. గడ్డం కిందికి లాగిన మాస్కు, చొక్కా మీద నంబరు బిళ్ల. ఇక అయిందా అన్నట్టు ఫోటో తీసేవాడి వైపు చూస్తున్నాడు. అతని వెనక, ఇంతసేపూ అంచులో దాగిన బండి మీద, ఇంకో శవం వంతు కోసం ఎదురుచూస్తోంది. మనవాళ్లు ఒక్కరూ లేరు.

"గడియారాలన్ని ఒక్కతీర్గనే ఉంటయి," అని మేనత్త వెనక్కి జరిగింది.

"శ్మశానంల జీతపోడు," అన్నాడు పెద్దకొడుకు. "వాని పని వాడు చేసిండు."

తల్లి మూలనుంచి లేచి వచ్చింది. "ఎవలో ఒకలున్నరు గదరా," అంది. నా వైపు తిరిగి, "జర పెద్దగ చెయ్ బిడ్డా. అంగీ కొలత చూడాలె."

"పెద్దగ చేస్తె మొఖం పోతదవ్వా."

"మొఖంతోని నాకేం పని? భుజాలు సూపెట్టు."

పెద్దది చేశాను. తల మళ్లీ పోయింది, చొక్కా గళ్లుగళ్లుగా విడిపోయింది. ఆమె టీవీ అద్దం మీద జానతో ఈ భుజం నుంచి ఆ భుజానికి కొలిచింది. తెర చిటపటలాడింది. అది టీవీ కొలత అని చెప్పబోయాను. అప్పటికే ఆమె నన్ను వెనక్కి తిప్పి, అదే జాన నా వీపు మీద పెట్టింది.

"నీ అంతనే ఉన్నడు," అంది.

మర్నాడు నా కొలతకు అంగీ కొన్నారు. మోర్తాడ్ మనిషి తిరిగి వెళ్లేటప్పుడు దాన్ని తీసుకెళ్లాడు. ఎవరికివ్వాలని అతనూ అడగలేదు.